చిక్కడపల్లి కవరు

చిక్కడపల్లి,
14 జులై 2012

మైసూరులో పక్షుల చదువు వెలగబెడుతున్న మా అక్క కూతురు నవతకు, పదో తరగతి మూడుసార్లు చదివిన నీ మేనమామ నాగేందర్ రాయునది.

నువ్వడిగిన పావురం ఈకలు ఇందులో పెట్టాను. ఆకుపచ్చది చూసి దిగులు పడకు. అది దోమలగూడలో మాత్రమే కాపురముండే ఒక జాతి. నీకు డాక్టరు పట్టా దీనితోనే వస్తుంది.

ఊరిగాలిలో సీసం ఎంతుందో పావురం ఈక చెబుతుందని నువ్వు ఫోన్‌లో అన్నప్పటినుంచి నాకు వేరే ముచ్చటే లేదు. అశోక్‌నగర్ హాస్టళ్ళకు ఇన్వర్టర్ బ్యాటరీలు వేస్తుంటాను కదా, అక్కడ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు కూడా చెప్పాను, జర పెంచి. ఈసారి పావురాల లెక్కింపు అధికారి పోస్టులు పడుతున్నాయన్నాను. ఒకడు నవ్వాడు. ఇద్దరు మాత్రం "అన్నా, సిలబస్ ఏముంటదే?" అనుకుంటూ లైబ్రరీ దాకా నా వెంట వచ్చారు. ఏళ్ళ తరబడి నోటిఫికేషన్ కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నవాళ్ళతో ఆటలేందని మీ అత్త మనోరమ నాతో ఒక పూట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం కూడా ఒక విశ్రాంతే.

కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు. ఊరంతా శాపనార్థాలు పెడుతుంటే నేనొక్కడినే దండం పెట్టుకుంటున్నాను. నారాయణగూడ దుకాణానికి వచ్చిన పాత బ్యాటరీలు విప్పి, సీసం కరిగించి, ప్లేట్లు పోసి, కొత్త డబ్బాలో పెట్టి ఇచ్చేసరికి తిండికి కూడా తీరిక లేదు. చీకటి పడితే బతికేది దొంగలూ, నేనూ.

దివ్యకు నాలుగు నిండాయి. పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టింది కదా, ఆ పదకొండేళ్ళ మాటలూ నోట్లో పెట్టుకునే పుట్టింది. మా డాబా మీద వాలే పావురాలన్నిటికీ పేర్లు పెట్టింది. తెల్ల తోకది సత్తవ్వ, కుంటుతూ నడిచేది లక్ష్మయ్య. నేను పేరు తప్పితే "నాయినా, నీకు సదువు రాదా?" అంటుంది. రాదని దానికెవరు చెప్పారో.

ఇట్లు,
నీ బ్యాటరీ మామ


మైసూరు,
3 ఆగస్టు 2012

మామా,

దోమలగూడ పావురం కొక్కొరొకో అంటుందా? నీ కోడి ఈకల ఆకుపచ్చ సిరా నా వేళ్ళకంటింది. మా సారు పక్కనే ఉన్నారు. ఆయన నవ్వలేదు.

ఒక్కసారి నిదానంగా చదువు. పావురం తన గల్లీ వదిలి పోదు. మన దుమ్మే తింటుంది, మన నీళ్ళే తాగుతుంది. ఈక మొలిచేటప్పుడు దానిలోకి రక్తం పోతుంది, రక్తంలో సీసముంటే అదీ పోతుంది. ఈక ఎదిగాక ఆ దారి మూసుకుంటుంది, లోపలికి పోయినది అక్కడే ఉండిపోతుంది. అందుకే పిట్టను చంపే పని లేదు. రాలిన ఈకను కడిగి, యాసిడ్‌లో కరిగించి చూస్తే అది బతికిన చోటి సంగతి తెలుస్తుంది. నాకు పావురాల మీద అంత ప్రేమేమీ లేదు మామా. వాటి కింద ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళలో మనుషులున్నారు. ఈ పని వాళ్ళ గురించి.

మూడు కవర్లు కావాలి. నారాయణగూడ చౌరస్తా, అశోక్‌నగర్ హాస్టళ్ళ గల్లీ, చిక్కడపల్లిలో మీ డాబా. ఒక దాంట్లోవి ఒక దాంట్లో కలపకు. చుట్టుపక్కల ఏముందో కూడా రాయి.

ఇంకో షరతు. ఫోన్‌లో నీ ఇష్టం వచ్చిన గొంతు పెట్టు, ఏ కథైనా చెప్పు, నేనూ ఆడతాను. కాగితం మీద మాత్రం నిజం. ఇద్దరికీ ఇదే రూలు.

నా చిన్ని మరదలికి ముద్దులు. సత్తవ్వకు కూడా.

నవత


చిక్కడపల్లి,
16 సెప్టెంబర్ 2012

కాగితం మీద హరిశ్చంద్రుడినైన నాగేందర్ తన మేనకోడలికి రాయునది.

మూడు కవర్లు పంపుతున్నాను. అన్నీ పావురాలవే. నారాయణగూడలో ఫ్లైఓవర్ కింద వంగి ఏరుతుంటే ఒకావిడ జాలిపడి అరటిపండిచ్చింది, తిన్నాను. అశోక్‌నగర్‌వి ఆ సిలబస్ అడిగినవాళ్ళే ఏరిపెట్టారు. ప్రాక్టికల్స్ అనుకుంటున్నారు పాపం. చిక్కడపల్లివి మాత్రం దివ్య ఏరింది. ఒక ఈక కాడను నోట్లో పెట్టుకుని నములుతుంటే లాగి నీ కవర్లో వేశాను. తడిగా కనబడితే అది నా కూతురి ఎంగిలి, పుస్తకంలో రాసుకో.

చుట్టుపక్కల ఏముందని అడిగావు. దుకాణం పక్కన మాసయ్య ఉండేవాడు, నాలాగే సీసం కరిగించేవాడు. పోయినేడు పొగ వస్తోందని ఎవరో ఫిర్యాదు కాగితం పెడితే ఆఫీసువాళ్ళు వచ్చి తాళం వేసి పోయారు. అది చూసి నేనూ దుకాణంలో కరిగించడం బంద్ పెట్టాను. మరి ఎక్కడ కరిగిస్తున్నావు మామా అని అడగకు. అడిగితే కాగితం మీద అబద్ధం రాయాల్సి వస్తుంది. నీ చదువుకు నాలుగు ఆఫీసులతో చుట్టరికముంటుంది, నా పొయ్యికి లేదు. మా డాబా మీద నీళ్ళ ట్యాంకు, మీ అత్త తులసి కుండీ, పావురాలు ఉన్నాయని రాసుకో. అబద్ధం కాదు.

దివ్యకు ఉండుండి కడుపునొప్పి వస్తోంది. మెలితిరిగిపోతుంది, మళ్ళీ లేచి ఆడుకుంటుంది. గోడ పెచ్చులు గీకి తింటోందని మీ అత్త వేళ్ళకు వేపనూనె పూసింది. వేపనూనె కూడా నాకేసింది, నా కూతురు. డాక్టరు నులిపురుగుల మందిచ్చాడు.

ఉంటాను. హాస్టల్లో సరిగ్గా తిను. పక్షుల చదువని గింజలు తింటూ కూర్చోకు.

నాగేందర్


మైసూరు,
21 డిసెంబర్ 2012

మామా,

ఈసారి నవ్వు రావడం లేదు.

నారాయణగూడ కవర్లో సీసం నేననుకున్నంతే ఉంది, అశోక్‌నగర్‌లో ఇంకా తక్కువ. చిక్కడపల్లి కవర్లోది మిగతా రెండింటికి ఎన్నో రెట్లు వచ్చింది. మిషను చెడిందనుకుని మళ్ళీ చూశాం. మా సారు సంబరపడి దాని మీద పేపరు రాద్దామన్నారు. అప్పుడు మిగిలిన ఈకలు తీసి చూస్తే నల్లటి పొడి రాలింది. వాసన చూశాను. చిన్నప్పుడు నువ్వు నన్ను ఎత్తుకుంటే నీ చొక్కా నుంచి వచ్చే వాసన అది. బ్యాటరీ వాసన.

దుకాణం నుంచి మసి తెచ్చి రుద్దావు కదూ? నన్ను ఒక్క రోజు గొప్పదాన్ని చేసి, తర్వాత ఫోన్ చేసి నవ్వుదామని. చిక్కడపల్లిని లెక్కలోంచి తీసేశాను. మా మామ పరాచికమని సారుకు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన ముందు నా ముఖం ఎట్లా ఉండిందో నువ్వు చూడాల్సింది.

కాగితం మీద నిజమన్నావు. కవరు కూడా కాగితమే మామా.

ఇక ఈకలు పంపకు.

నవత


చిక్కడపల్లి,
20 జనవరి 2013

నవతకు,

నేను మసి రుద్దలేదు. నా జన్మలో మొదటిసారి అల్లరి చేయకుండా ఒక పని చేస్తే దానికి బహుమానం ఇది. దివ్య మీద ఒట్టు, ఆ ఈకలు డాబా మీద రాలినవి రాలినట్టే పంపాను.

నమ్మవని తెలుసు. మీ అమ్మ కూడా నమ్మలేదు. "నాగేందర్‌కు నిజం చెప్పుడు చేతకాదు, చెప్పినా అది అబద్ధం లెక్కనే ఉంటది" అన్నదట. మంచిది. ఊరుకు నవ్వు పంచినవాడికి దక్కేది ఇంతే.

సంక్రాంతి పోయింది, ఇక్కడ పతంగులు ఎగిరాయి. దివ్య చూడలేదు. పడుకునే ఉంది. ముఖం పాలిపోయిందని రక్తం పెరగడానికి టానిక్ రాశారు. బడిలో పక్క పిల్లను కొరికిందని టీచరు పిలిపించింది. నేను పోయి, మా వంశంలో పళ్ళు గట్టివని చెప్పి వచ్చాను. టీచరు నవ్వలేదు. ఈ మధ్య ఎవరూ నవ్వడం లేదు.

నిన్న కుంటి పావురాన్ని చూపించి అదెవరని అడిగాను. చాలాసేపు చూసి "పిట్ట" అంది. లక్ష్మయ్య కదా బిడ్డా అంటే నా నోటి వంక చూసింది. పేర్లతో విసుగొచ్చి ఉంటుంది. పిల్లలు కదా.

ఇక నేను రాయను. నీ చదువు నీది, నా బ్యాటరీలు నావి.

నాగేందర్


మైసూరు,
11 ఫిబ్రవరి 2013

మామా,

అలక కూడా నీకు బాగానే వచ్చు. నువ్వు వేసే ఒట్లకు బలముంటే అమ్మమ్మ ఎన్నిసార్లు పోయి ఉండేదో లెక్క లేదు. చిన్నప్పుడు నా జామెట్రీ బాక్సు దాచి ఆమె మీదే కదా ఒట్టేశావు.

కోపం తగ్గింది. నీ మీద ఎక్కువ రోజులు నిలవదు, అదే నా ఖర్మ. దివ్య నిన్ను ఏడిపిస్తోంది చూడు, నీ పోలికే. తెలిసి కూడా తెలియనట్టు నటించడం ఎవరి దగ్గర నేర్చుకుందంటావు?

నవత


చిక్కడపల్లి,
2 మే 2013

నవతా,

రాయనన్నాను, రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరు. మనోరమ ఆసుపత్రిలో ఉంది, దివ్యతో.

పోయిన వారం తెల్ల తోక పావురం డాబా మీద ఒక రెక్క ఈడ్చుకుంటూ తిరిగింది. పిట్టగోడ ఎక్కబోయి పడింది, మళ్ళీ ఎక్కబోయి పడింది. సత్తవ్వ గుడుంబా తాగిందే అని దివ్యను పిలిచాను, నవ్వుతుందని. దివ్య మెట్లెక్కి వచ్చింది. పావురాన్ని చూడలేదు. నా వంక కూడా చూడలేదు. నిలబడ్డచోటే కళ్ళు తేలేసి పడి కొట్టుకుంది. నేను మొదట అనుకున్నది ఏమిటో తెలుసా, పావురాన్ని అనుకరిస్తోందని. చప్పట్లు కొట్టాను నవతా. చప్పట్లు కొట్టాను.

ఫిట్స్ అన్నారు. జ్వరం వల్ల అన్నారు. జ్వరం లేదన్నాను. పెద్ద డాక్టరు వస్తాడు, చూస్తాడు అన్నారు.

దానికి మాటలు తగ్గిపోయాయి. ముందు పేర్లు పోయాయి, తర్వాత "నాయినా" పోయింది. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తుంది. కడుపునొప్పి తగ్గనే లేదు.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానో తెలియదు. నువ్వు పిట్టల డాక్టరువి.

నాగేందర్


మైసూరు,
10 మే 2013

మామా,

ఇందాక ఫోన్ చేసి చెబితే నువ్వు నవ్వావు. "ఇప్పుడు నీ వంతా? బాకీ తీర్చుకుంటున్నవా?" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అత్త నంబరు పని చేయడం లేదు. అమ్మ కరీంనగర్ వెళ్ళింది, ఆమెకూ చెప్పాను, నీ ఆట మొదలైందనుకుని ఆమె నన్నే తిట్టింది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నేను కాగితం మీద ఎప్పుడూ అబద్ధం రాయలేదు.

నీ ఉత్తరంలో వరసగా రాసినవన్నీ, కడుపునొప్పి, పాలిపోవడం, మాటలు పోవడం, ఫిట్స్, అవన్నీ నేను పుస్తకాల్లో చదివాను. సీసం ఒంట్లో చేరితే అవే వస్తాయి. పావురం రెక్క వేలాడటం కూడా. చదివినదాన్ని, నీ ఉత్తరాల్లో ఎందుకు చూడలేకపోయానో నాకు తెలియదు.

చిక్కడపల్లి కవర్లో మిగిలిన ఈకలు బయటకు తీశాను. మళ్ళీ మళ్ళీ కడిగాను. కాడలు కోసి లోపలి భాగం మాత్రమే కరిగించాను. మసి పైన రుద్దినది అయితే లోపల ఉండకూడదు. లోపలా అంతే ఉంది. అది ఆ పావురాల రక్తంలోంచి వచ్చింది.

నువ్వు సీసం డాబా మీద కరిగిస్తున్నావు. సెప్టెంబరులోనే ఒక రకంగా రాశావు, అడగకు అని. ఆ వాక్యం చదివి నవ్వుకున్నాను.

ఈ ఉత్తరం అందగానే డాక్టరుకు చూపించు. రక్తంలో సీసం పరీక్ష చేయమను. కరిగించడం ఆపు. దివ్యను ఆ ఇంటికి తీసుకెళ్ళకు. రేపు రైలు దొరికితే నేనే వస్తున్నాను.

నవత


చిక్కడపల్లి,
18 జులై 2013

నవతకు,

నువ్వు వచ్చి వెళ్ళాక రాయడానికి చేతులు రాలేదు. నువ్వున్నప్పుడు చెప్పలేనివి రాస్తున్నాను.

నీ ఉత్తరం కంటే నువ్వే ముందు చేరావు. ఫోన్‌కూ, నువ్వు గుమ్మంలో నిలబడటానికీ మధ్య కూడా నేను సీసం కరిగించాను. దివ్య ఆసుపత్రి నుంచి అంతకు ముందే ఇంటికొచ్చింది. నేను డాబా దిగి, ఆ చొక్కాతోనే ఎత్తుకుని, భుజం మీద వేసుకుని నిద్రపుచ్చాను. నా కోడలు పిల్ల నన్నెంత బాగా ఆట పట్టించింది అని మనోరమతో చెప్పుకుని నవ్వాను కూడా.

వేడి దిమ్మలు చల్లార్చే తొట్టి నువ్వు చూశావు కదా. పావురాలు తాగేది అందులోనే. ఎండాకాలం దివ్య కాళ్ళు పెట్టుకుని కూర్చునేది కూడా అందులోనే. చల్లగా ఉందని మేమే కూర్చోబెట్టేవాళ్ళం.

ఆసుపత్రిలో సూదులు ఇస్తున్నారు. రక్తంలో సీసం దిగింది. పెద్ద డాక్టరును అడిగాను, మరి మాటలెప్పుడొస్తాయని. ఆయన మంచివాడు, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. "రక్తంల ఉన్నది దిగుతది నాగేందర్ గారు. ఎముకలల్ల చేరింది ఏండ్లకేండ్లు ఉంటది. మెదడుల పోయింది మాత్రం రాదు." నేనాయన ముఖంలో వెతికాను, ఎక్కడన్నా నవ్వు దాచుకున్నాడేమోనని. నా బుద్ధి ఇంకా అట్లాగే ఉంది.

బాండ్లీ, పొయ్యి, అచ్చులు పాత సామాన్ల వాడికి ఇచ్చేశాను. ఇచ్చాక గుర్తొచ్చింది, అవి ఇంకెవరి డాబా మీదకో ఎక్కుతాయని. పరుగెత్తాను. బండి విద్యానగర్ వైపు పోయిందన్నారు. దొరకలేదు.

మనోరమ డాబా అంతా కడిగింది. నల్లటి నీళ్ళు గొట్టంలోంచి గల్లీలోకి పోతుంటే కింద పిల్లలు తొక్కుకుంటూ ఆడుకుంటున్నారు. వాళ్ళను తోలడానికి నేను దిగాను, వాళ్ళు నేను ఆటకొచ్చాననుకున్నారు. నేను ఎప్పుడూ ఆటకే కదా దిగేది.

నన్ను ఒక్క మాట కూడా అనలేదు మనోరమ. నిన్న అన్నం పెడుతూ అంది. "నీ పరాచికాలకు ఎవ్వరు నవ్వకున్నా నేను నవ్విన. ఇప్పుడు నాకు నీ గొంతు వినవడితెనే భయమైతుంది." తర్వాత పప్పు వడ్డించింది.

ఒకటి అడగాలి. అదే నీళ్ళు తాగి ఆ పావురాలు కొన్ని ఇంకా ఎగురుతున్నాయి. ఎట్లా బతికాయి?

నాగేందర్


మైసూరు,
5 సెప్టెంబర్ 2013

మామా,

చాలా పావురాలు బతకలేదు. చచ్చినవి మనకు కనబడవు, పిల్లులు ఎత్తుకుపోతాయి.

మిగిలినవి ఎట్లా బతికాయంటే, పావురం ఏటా ఈకలు రాలుస్తుంది. రాలిన ఈకతో కొంత సీసం పోతుంది, కొత్త ఈక మొలుస్తుంది. మనిషికి ఆ ఏర్పాటు లేదు. మన వెంట్రుకల్లోకి, గోళ్ళలోకి కొంచెం వస్తుంది కానీ అది లెక్కలోకి రానంత. దాని మీద ఆశ పెట్టుకోవద్దు, నువ్వు అడిగావు కాబట్టి రాశాను. డాక్టరు చెప్పినవే చేయండి.

చిక్కడపల్లి కవరును మళ్ళీ లెక్కలో చేర్చాం. సారు ఇది చాలా ముఖ్యమైన ఫలితమన్నారు. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. పావురాలు డిసెంబరులోనే చెప్పాయి. కాగితం రూలు పెట్టింది నేను, కాగితం మీద ఉన్నది నమ్మనిది కూడా నేను. దివ్య నమిలిన ఈక కూడా ఆ కవర్లోనే ఉండింది. పన్ను గాట్లున్నాయి. దాన్ని కరిగించలేదు.

నన్ను తిట్టు మామా. నువ్వు తిట్టకపోతే నేను అక్కడికి రాలేను.

నవత


అశోక్‌నగర్,
9 మార్చి 2014

నవతకు,

కిరాయి ఇంటికి మారాం, లైబ్రరీకి దగ్గర. బ్యాటరీల పని మానేసి హాస్టళ్ళకు నీళ్ళ క్యాన్లు వేస్తున్నాను. తెలంగాణ వస్తోందని, ఇక నోటిఫికేషన్లే నోటిఫికేషన్లని పిల్లలు సంబరంగా ఉన్నారు. సిలబస్ అడిగిన పిల్లవాడొకడు మొన్న కనబడి "అన్నా, పావురాల పోస్టు ఏమైందే?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాడు సారీ చెప్పాడు, ఎందుకో వాడికీ తెలియదు.

నిన్ను తిట్టను. తిట్లు తినాల్సిన వరసలో నా ముందు ఎవరూ లేరు.

దివ్య బాగానే తింటోంది. ఫిట్స్ తగ్గాయి. బడికి పంపడం లేదు, చేర్చుకోలేమన్నారు. ఒకచోట కూర్చోబెడితే లేపేదాకా కూర్చుంటుంది. నిన్న ఒక పని చేశాను. పావురం ఈక చెవిలో దోపుకుని, గదంతా గెంతుతూ కోడిలా కూశాను. రెండేళ్ళ కింద అది పొట్ట పట్టుకుని నవ్వే ఆట అది. నా వంక చూసింది. తర్వాత గోడ వంక చూసింది. రెండు చూపులూ ఒకటే. మనోరమ వంటింట్లోంచి వచ్చి ఈక నా చెవిలోంచి తీసేసింది.

ఈ కవర్లో ఈకలు లేవు.

దివ్యకు గుండు చేయించాను. గుట్ట మీది గుడికి పోయి తీయించి ఉంటే మొక్కు కూడా తీరేది, కానీ అక్కడ ఇచ్చిన వెంట్రుకలు దేవుడివి, నా చేతికివ్వరు. అందుకే గల్లీలో మంగలి బుగ్గయ్యతో తీయించాను. ఒక్క వెంట్రుక కింద పడకుండా తుండు పరిచి పట్టాను. "ఏందన్నా, గివ్వి ఏం జేసుకుంటవ్?" అని అడిగాడు. మైసూరుకు పంపాలన్నాను. మళ్ళీ ఏదో ఆట అనుకుని నవ్వాడు. దివ్య ఏడవలేదు, తల వంచమంటే వంచింది.

కవరు మీద చిక్కడపల్లి అనే రాశాను, అవి అక్కడ మొలిచినవి. నువ్వు ఈకలకు చేసినట్టే కడుగు, కోయి, కరిగించు. ఎంత పోయిందో రాయి. లెక్కలోకి రానంత అని నువ్వు రాసినది చదివాను, చాలాసార్లు చదివాను. అయినా చూడు. కాగితం మీద రాస్తున్నాను, ఇందులో ఆట లేదు.

మళ్ళీ మొలుస్తున్నాయి. చెయ్యి పెడితే గరుకుగా తగులుతున్నాయి. ఎదిగినప్పుడల్లా తీయించి పంపుతాను.

నాగేందర్